గెలిచేది ఎవరు? గయోపాఖ్యానం నుంచి ఆర్‌ఆర్‌ఆర్ దాకా

ఏ శాపాలూ లేకుండా, ఎవరి కవచం వాళ్ళ దగ్గరే ఉండగా, కర్ణుడికీ అర్జునుడికీ పోటీ పెడితే గెలిచేది ఎవరు? హనుమంతుడూ భీముడూ బరిలోకి దిగితే? బాహుబలి ఎదురుగా మగధీరలో కాలభైరవుడు నిలబడితే? ఛానల్ పెట్టినప్పటినుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్నలు ఇవే. పెళ్ళి భోజనాల దగ్గర కూడా వదల్లేదు. ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను. ఎందుకంటే ఇలాంటి వీడియోలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇటు ఒక బొమ్మ, అటు ఒక బొమ్మ, మధ్యలో పట్టిక. బలానికి పదికి తొమ్మిది, వేగానికి పదికి ఎనిమిది, ఆఖర్న కూడిక. కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ రాసినవాణ్ణి కాబట్టి ఆ పట్టిక తయారు చెయ్యడం నాకు అరగంట పని. కానీ ఆ పట్టికలో ఏ గడిలోనూ ఇమడని విషయం ఒకటి మన కథల్లో ఉందండి. ఈ ఎపిసోడ్ దాని గురించి.

ఇది ఇంటర్నెట్ వచ్చాక కుర్రాళ్ళు మొదలుపెట్టిన సరదా అని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. కాదు. మహాభారతంలోనే ఉంది. ఉద్యోగపర్వంలో, రెండు సైన్యాలూ సిద్ధమయ్యాక, దుర్యోధనుడు భీష్ముణ్ణి అడుగుతాడు: మనవైపు ఎవరు ఎంతటివాళ్ళు, అటువైపు ఎవరు ఎంతటివాళ్ళు, చెప్పు తాతా అని. ఆ భాగానికి పేరే రథాతిరథ సంఖ్యానం. సంఖ్యానం అంటే లెక్కపెట్టడం. భీష్ముడు ఒక్కొక్కణ్ణీ తూకం వేస్తాడు. ఇతను రథుడు, ఇతను అతిరథుడు, భీముడు ఒక్కడే ఎనిమిదిమంది రథులతో సమానం, ఇలా పోతుంది. అశ్వత్థామ దగ్గరికి వచ్చేసరికి ఆగుతాడు. విల్లు పట్టాడంటే అంతటివాడు లేడు, కానీ వాడికి ప్రాణం మీద తీపి ఎక్కువ, అందుకని వాణ్ణి రథుడనీ అనను, అతిరథుడనీ అనను అంటాడు. బలానికి ఫుల్ మార్కులు వేసి, ఒక్క గుణం దగ్గర మొత్తం కొట్టేశాడన్నమాట.

ఆ తర్వాత కర్ణుడు. అర్ధరథుడు అన్నాడు. అంటే సగం. కవచకుండలాలు పోగొట్టుకున్నాడు, పరశురాముడి శాపం ఉంది, నోటి దురుసు ఉంది, కాబట్టి సగమే. ద్రోణుడు కూడా పక్కనుంచి అవునన్నాడు. కర్ణుడికి ఒళ్ళు మండింది. నువ్వు మన సైన్యంలో మనకే చీలిక తెస్తున్నావని భీష్ముడి మొహం మీదే అని, ఈయన పడిపోయేదాకా నేను ఆయుధం పట్టనన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. పద్దెనిమిది రోజుల యుద్ధంలో మొదటి పది రోజులు కర్ణుడు లేడు. ఒక ర్యాంకుల జాబితా చదివినందుకు కౌరవులు చెల్లించిన ఖరీదు అది. మన దగ్గర రాత్రి రెండింటిదాకా వాదించుకుని ఫ్రెండ్స్ మాట్లాడుకోవడం మానేశారంటే నవ్వుతాం కానీ, ఆ సంప్రదాయం పాతదే.

అయితే కర్ణుడి కోపం ఆ జాబితాతో మొదలైంది కాదు. దానికి ముందు ఆదిపర్వంలో కుమారాస్త్ర విద్యా ప్రదర్శన ఉంది. ఆదిపర్వం తెలుగు చేసింది నన్నయ్య. రాజరాజనరేంద్రుడి కోసం, పదకొండో శతాబ్దంలో, రాజమహేంద్రవరంలో. మా కొవ్వూరు గట్టు మీద నిలబడి చూస్తే అవతల కనిపించే ఊరు అదే. (మమ్మల్ని ఇన్నేళ్ళూ పశ్చిమ గోదావరి అన్నారు, 2022లో జిల్లాలు మార్చాక తూర్పు గోదావరి అంటున్నారు. మేం కదల్లేదండి, ఉన్నచోటే ఉన్నాం.)

సరే, ఆ సన్నివేశం గుర్తు చేసుకోండి. అర్జునుడు తన విద్య అంతా చూపించాడు. కర్ణుడు వచ్చి అవన్నీ తనూ చేసి చూపించి, ద్వంద్వ యుద్ధానికి రమ్మన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మహాభారతం మొత్తంలో ఈ పోటీ జరగడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఇద్దరూ కుర్రాళ్ళు, కర్ణుడి కవచం ఒంటి మీదే ఉంది. మీరు అడిగే సమానమైన పోటీ అంటే అచ్చంగా ఇదే. అప్పుడు కృపాచార్యుడు లేచి, నీ తల్లిదండ్రులెవరు, ఏ వంశం చెప్పు, రాకొమరులు సమానులు కానివాళ్ళతో తలపడరు అన్నాడు. కర్ణుడు తల దించుకున్నాడు. దుర్యోధనుడు అక్కడికక్కడే అంగరాజ్యం ఇచ్చి రాజును చేశాడు. ఇంతలో పెంచిన తండ్రి, సూతుడు అధిరథుడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. నీకు విల్లెందుకు, చర్నాకోల పట్టుకో అని భీముడు వెక్కిరించాడు. పొద్దు గూకింది. అందరూ ఇళ్ళకు పోయారు. పోటీ జరగలేదు.

కర్ణుడా అర్జునుడా అన్న ప్రశ్నకు రికార్డు చూసి జవాబు చెప్పమంటే నేను అర్జునుడనే అంటాను. విరాటపర్వంలో అర్జునుడు ఒక్కడే మొత్తం కౌరవ సైన్యాన్ని తిప్పికొట్టాడు, అందులో కర్ణుడూ ఉన్నాడు. ఘోషయాత్రలో గంధర్వుల చేతిలో కర్ణుడు నిలబడలేకపోయాడు. ఈ రెండూ ఉండగా వాదన చెయ్యడం కష్టం. కానీ తెలుగువాళ్ళలో సగంమంది ఇది ఒప్పుకోరు, ఎప్పటికీ ఒప్పుకోరు. వాళ్ళకు లెక్కలు రాక కాదు. ఆ రోజు సాయంత్రం పోటీ ఆగిపోయింది బలం వల్ల కాదు, పుట్టుక అడగడం వల్ల. అర్హత పరీక్ష పాసైనవాణ్ణి ఇంటర్వ్యూ గది బయటే ఇంటిపేరు అడిగి పంపించేస్తే, ఆ తర్వాత ఎన్ని స్కోర్లు చూపించినా వాడి తరఫువాళ్ళు వినరు. వినక్కర్లేదు కూడా.

దీనికి సాక్ష్యం కావాలంటే 1977 సంక్రాంతి చూడండి. జనవరి 14న ఒకే రోజు రెండు భారతాలు విడుదలయ్యాయి. ఒకటి దాన వీర శూర కర్ణ. ఎన్టీ రామారావు దర్శకుడు, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు కూడా ఆయనే. అర్జునుడు హరికృష్ణ, అంటే కర్ణుడూ అర్జునుడూ తండ్రీ కొడుకులు. రెండోది కమలాకర కామేశ్వరరావు తీసిన కురుక్షేత్రం. అందులో అర్జునుడు కృష్ణ, కర్ణుడు కృష్ణంరాజు, శ్రీకృష్ణుడు శోభన్‌బాబు. జనం కర్ణుడి పేరున్న సినిమా వైపు వెళ్ళారు. కొండవీటి వెంకటకవి రాసిన డైలాగుల్లో ఈరోజుకీ మైకు దొరికితే కుర్రాళ్ళు అప్పజెప్పేది ఏ సీనో మీకు తెలుసు. యుద్ధం సీను కాదు. అదే కుమారాస్త్ర ప్రదర్శన, కులం అడిగినందుకు దుర్యోధనుడు సభను కడిగేసే సీను. నాలుగు గంటలకు దగ్గరగా ఉన్న సినిమాలో జనం గుండెలో పెట్టుకున్నది జరగని పోటీని.

ఇది ఒక దారి, పోటీ జరగనివ్వకపోవడం. మన కథలవాళ్ళు తొక్కిన రెండో దారి ఇంకా తమాషాగా ఉంటుంది. జరగకూడని పోటీని జరిపించడం.

1890 ప్రాంతానికి వెళ్దాం. రాజమండ్రి. గోదావరి మీద ఇంకా రైలు వంతెన లేదు, హేవలాక్ వంతెన 1900లో వచ్చింది. కొవ్వూరు నుంచి నాటకం చూడాలంటే పడవ ఎక్కాల్సిందే. అవతలి గట్టున ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు నాటక సమాజం నడుపుతున్నాడు. ఆయన ఒంగోలు నుంచి తనతో తీసుకొచ్చిన శిష్యుడొకడు ఆ నాటకాల్లో వేషాలు వేసేవాడు. పేరు టంగుటూరి ప్రకాశం. అవును, తర్వాత ఆంధ్రకేసరి అయిన ప్రకాశం పంతులుగారే. ఆ సమాజానికి నాటకాలు రాసిపెట్టిన కుర్రాడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. 1867లో ఖండవల్లిలో పుట్టాడు, ఇది మా వైపు ఊరే. చూపు సరిగ్గా ఉండేది కాదు, తర్వాత పూర్తిగా పోయింది. ఇరవయ్యేళ్ళు దాటిన వయసులో ఆయన రాసిన నాటకం గయోపాఖ్యానం. పుస్తకంగా లక్షకు పైగా ప్రతులు అమ్ముడైంది. అప్పటి అక్షరాస్యత ఎంత తక్కువో తలుచుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది.

కథ క్లుప్తంగా. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ తాంబూలం ఉమ్మాడు. కింద కృష్ణుడు సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నాడు. ఉమ్ము సరిగ్గా వచ్చి దోసిట్లో పడింది. వీణ్ణి చంపితీరతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేశాడు. గయుడు దేవతలందరి దగ్గరికీ పరిగెత్తాడు, ఎవరూ రానివ్వలేదు. చివరికి నారదుడి సలహాతో అర్జునుడి కాళ్ళ మీద పడ్డాడు. అర్జునుడు ముందు అభయం ఇచ్చాడు, తర్వాత ఎవరి నుంచి అని అడిగాడు.

కథంతా ఆ వరసలో ఉందండి. ముందు మాట, తర్వాత వివరం. వరస తిరగేస్తే కథ లేదు. కృష్ణుడు ప్రతిజ్ఞ తప్పలేడు, అర్జునుడు శరణు ఇచ్చినవాణ్ణి వదల్లేడు. మా సాఫ్ట్‌వేర్‌లో దీన్ని డెడ్‌లాక్ అంటాం. రెండు ప్రోగ్రాములు చెరొక తాళం పట్టుకుని, ఎదుటివాడి తాళం కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాయి. రెండూ తమ పని సక్రమంగానే చేస్తున్నాయి, తప్పు ఏ ఒక్కదానిదీ కాదు, కానీ వ్యవస్థ ఆగిపోతుంది. బయటివాడెవడో వచ్చి ఆపితే తప్ప కదలదు. ఇక్కడా అంతే. నడుమ సుభద్ర, ఒకవైపు అన్న, ఒకవైపు మొగుడు. యుద్ధం ముదిరి లోకం తగలబడిపోయే దశకు వస్తే గాని పైనుంచి దిగి ఆపేవాళ్ళు రారు.

ఈ కథ వ్యాసభారతంలో లేదు. ఎక్కడ వెతికినా దొరకదు. కన్నడ యక్షగానంలో కృష్ణార్జున కాళగంగా ఉంది, దక్షిణాదిలో జనం నోళ్ళలో తిరిగిన కథ. అంటే ఎవరో ఒకరికి, ఎప్పుడో ఒకప్పుడు, వీళ్ళిద్దరూ తలపడితే ఎలా ఉంటుందన్న మన ప్రశ్నే వచ్చింది. కానీ వాళ్ళు పట్టిక గీయలేదు. వీళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు బాణం వెయ్యాలంటే ఏం జరగాలి అని ఆలోచించారు. ప్రాణస్నేహితుల్ని శత్రువులు చెయ్యకుండా, ఎవర్నీ చెడ్డవాణ్ణి చెయ్యకుండా, యుద్ధానికి దించాలి. నా ఉద్దేశంలో గెలుపు ఎవరిదో తేల్చడం కంటే ఇది పది రెట్లు కష్టమైన లెక్క.

స్టేజీ మీద అది ఇంకో రకంగా మారింది. పల్లెటూరి తిరునాళ్ళలో నాటకం మొత్తం వెయ్యకపోయినా గయోపాఖ్యానం యుద్ధ సీను మాత్రం విడిగా వేయించుకునేవారు. యుద్ధం అంటే అట్ట కత్తులు, బాణాలు కాదు. పద్యాలు. కృష్ణుడు అర్జునుడి లోపాలన్నీ ఎత్తి పొడుస్తాడు, అర్జునుడు కృష్ణుడి లోపాలన్నీ తిరగ పొడుస్తాడు. భక్తితో దండం పెట్టే నోటితోనే దేవుణ్ణి నిలదీసే పద్యాలు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి పేరుమోసిన కృష్ణులున్న కాలంలో, జనం తెల్లవార్లూ కూర్చునేది కథ తేలడానికి కాదు. కథ ఎలా తేలుతుందో గేదెలు కాసే పిల్లాడికి కూడా తెలుసు. ఎవరి రాగం ఎక్కువసేపు నిలిచింది, ఎవరికి వన్స్‌మోర్ ఎక్కువ పడింది అన్నది లెక్క. అంటే గెలుపు ఓటములు కథలో లేవు కాబట్టి జనం వాటిని నటుల గొంతులోకి మార్చుకున్నారు.

ఇదే ఏర్పాటు 1963 జనవరిలో వెండితెర మీదికి వచ్చింది. కె.వి.రెడ్డి తీసిన శ్రీకృష్ణార్జున యుద్ధం. కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు ఏఎన్నార్, గయుడు ధూళిపాళ, మాటలు పింగళి. ఇద్దరు అగ్ర నటులు, ఇద్దరికీ విడివిడిగా జనం. ఎవరు ఓడినా సగం హాలు కోపంగా బయటికి వస్తుంది. అలాంటి సినిమాకి, ఎవరూ ఓడకుండా చివరిదాకా కొట్టుకునే కథ కంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది? డెబ్బై ఏళ్ళ క్రితం రాజమండ్రిలో సిద్ధం చేసి పెట్టినట్టుగా ఉంది. అదే ఏడాది మార్చిలో లవకుశ వచ్చింది. అందులో రాముడికి ఎదురు నిలిచింది కన్నకొడుకులు. వాల్మీకి ఉత్తరకాండలో ఆ యుద్ధం లేదండి, అక్కడ పిల్లలు రామకథ పాడతారు, అంతే. యుద్ధం జైమిని భారతం లాంటి తర్వాతి పుస్తకాల్లో వచ్చింది. అక్కడా అదే కిటుకు. గుర్రాన్ని కట్టేసిన పిల్లలకు ఎదురొచ్చింది తండ్రి అని తెలీదు.

తాండ్ర సుబ్రహ్మణ్యం రాసిన శ్రీరామాంజనేయ యుద్ధం నాటకం ఇంకా ముందుకెళ్ళింది. విశ్వామిత్రుడి కోపానికి గురైన యయాతి రాజు హనుమంతుడి శరణు కోరతాడు. చంపుతానని మాటిచ్చింది రాముడు. ఇక్కడ హనుమంతుడి ఆయుధం రామనామం ఒక్కటే. రాముడి బాణానికి ఎదురు రాముడి పేరు. పట్టికలో దీనికి ఎన్ని మార్కులు వేస్తారో మీరే చెప్పండి. 1975లో బాపు దీన్ని సినిమా తీశారు, ఎన్టీఆర్ రాముడు, ఆర్జా జనార్దనరావు హనుమంతుడు.

బయటి ప్రపంచం కూడా ఇదే పని చేసింది కానీ వేరే వైపు నుంచి. 1962లో జపాన్‌వాళ్ళు కింగ్‌కాంగ్‌నీ గాడ్జిల్లానీ కొట్టించారు. రెండూ మాట ఇవ్వని జంతువులు కాబట్టి వాటికి కారణం పెద్దగా అక్కర్లేదు, బరువు చాలు. 2016లో బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ తలపడ్డారు. ఇద్దరి తల్లుల పేరూ మార్తా అని తెలిసి పోట్లాట ఆగిపోయింది. హాల్లో జనం నవ్వారు. యుద్ధం ఆపడానికి కారణం కావాలని వాళ్ళకీ తెలుసు, కానీ యుద్ధం పెట్టేటప్పుడే ఆ ముడి వేసుకోలేదు. చిలకమర్తి వేసుకున్నాడు.

ఇక మా ఊరి సంగతి. విజయేంద్రప్రసాద్‌గారు, కీరవాణిగారు, రాజమౌళిగారు, ఈ కుటుంబానిది కొవ్వూరు అని మీకు తెలుసు. 2022 మార్చి 25న వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ కథ విజయేంద్రప్రసాద్‌ది. అల్లూరి సీతారామరాజు 1924లో మన్యంలో చనిపోయాడు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో. ఒకరు బ్రిటిష్‌వాళ్ళతో, ఒకరు నిజాంతో పోరాడారు. కలిసినట్టు ఆధారమే లేదు. ఇద్దరూ కుర్రతనంలో కొన్నాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళారు కదా, అప్పుడు కలిసుంటే అన్న ఊహ నుంచి కథ పుట్టిందని రాజమౌళి 2019లోనే చెప్పారు. వేరు వేరు కథల వీరుల్ని కలపడం, తర్వాత కొట్టించడం.

ఎలా కొట్టించారో చూడండి. భీమ్ గూడేనికి మాటిచ్చాడు, మల్లిని తీసుకొస్తానని. రామ్ తండ్రికి మాటిచ్చాడు, ప్రతి చేతికీ తుపాకీ ఇస్తానని. స్నేహం కుదిరినప్పుడు ఒకరి మాట సంగతి ఒకరికి తెలీదు. ముందు మాట, తర్వాత వివరం. గయుడి బదులు మల్లి ఉంది, అంతే. గయోపాఖ్యానం చూసి రాశారని నేను అనడం లేదు, అలా ఎవరూ చెప్పలేదు కూడా. ఈ గట్టు మీద కథ చెప్పేవాడికి ఇద్దరు హీరోల్ని కొట్టించాలంటే చెయ్యి ఆ ముడి వైపే వెళ్తుందని నాకు అనిపిస్తుంది. ఇంటర్వెల్ ఫైట్‌లో ఒకరు నిప్పు, ఒకరు నీళ్ళు. దెబ్బకు దెబ్బ లెక్కగట్టి తీశారు. ఒక స్టార్ జనం గానీ ఇంకో స్టార్ జనం గానీ మా వాడు తగ్గాడని అనడానికి సందు లేదు. రామ్ భీమ్‌ని అరెస్ట్ చేశాడు, సరే. కానీ కొరడా దెబ్బలు తింటూ మోకాలు వంచని భీమ్‌ని చూసి మారింది రామ్.

అక్కడిదాకా త్రాసు సమానంగా ఉంది. నాకు ఇబ్బంది కలిగేది సినిమా ఆఖర్న. నీకేం కావాలి అని రామ్ అడిగితే భీమ్ చదువు కావాలంటాడు. రామ్ జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాసి ఇస్తాడు. ఆ నినాదం కొమురం భీందండి. గోండుల భూమి కోసం, అడవి కోసం, నీటి కోసం ఆయన లేవనెత్తిన మాట. తన మాటనే తాను ఇంకొకరి చేత రాయించుకుని తీసుకోవాల్సి వచ్చింది. పోట్లాటలో సమానంగా నిలబెట్టినవాణ్ణి పోట్లాట అయ్యాక ఒక మెట్టు కింద కూర్చోబెట్టారు. థియేటర్‌లో ఎవరూ దీన్ని పట్టించుకోలేదు, మొదటిసారి చూసినప్పుడు చప్పట్లే. ఇంటర్వెల్ ఫైట్‌లో ఎవరెన్ని గుద్దులు గుద్దారో ఫ్రేము ఫ్రేముగా లెక్కేసిన వీడియోలు బోలెడు చూశాను, ఈ జెండా దగ్గర లెక్క ఆపినవాళ్ళు తక్కువ. కృపాచార్యుడు కర్ణుణ్ణి పోటీకి ముందు అడిగాడు. ఇక్కడ ఎవరూ అడగలేదు, పోటీ అయ్యాక అలా సర్దేశారు.

వచ్చే ఎపిసోడ్‌లో అంబ కోసం భీష్ముడూ పరశురాముడూ ఇరవైమూడు రోజులు చేసిన యుద్ధం చూద్దాం. అందులో గురువు ఎందుకు ఆగాడు, శిష్యుడు ఎందుకు ఆగాడు, మధ్యలో అంబకు ఏం మిగిలింది అన్నది మాట్లాడుకుందాం. ఉంటానండి.